సైమిని సులో కనిపెట్టిన వైనం

మా సావో సీమలో ఒక మాట ఉంది: సావోవాడు నోరు తెరిస్తే ఆ పైన బాధ్యత వినేవాడిదే. ఈ మాట పుట్టేనాటికి సులో కెట్టునెన్ ఇంకా పుట్టలేదు గానీ, పుట్టాక దానికి అర్థం దొరికింది. మిగతా ఫిన్లండు జనం అడిగితే తప్ప పేరు కూడా చెప్పరు. మా సులో అడక్కుండానే ఏడు తరాలు చెప్తాడు.

పొద్దున్న ఎనిమిదింటికి పెట్రోలు బంకు కాఫీ హోటల్లో కిటికీ పక్క బల్ల మాది. మేం ముగ్గురం. రంపపు మిల్లులో ముప్పై ఏళ్లు చేసి ఇంట్లో కూర్చున్న అర్మాస్, అంటే నేను. నదిలో దుంగలు తేల్చి తేల్చి తన మాటలు కూడా ఆ నీళ్లలోనే వదిలేసి వచ్చిన కలెర్వో. పాల లారీ నడిపిన సులో. కౌంటరు వెనక మార్కెట్టా, నా చెల్లెలి కూతురు. మాంసం కజ్జికాయలు వేయించడం ఆ పిల్ల బతుకుతెరువు, పాడటం ఆ పిల్ల ప్రాణం. చర్చిలో అది గొంతెత్తిందంటే, దగ్గుతున్న ముసలాళ్లు కూడా దగ్గు ఆపుకుంటారు.

ఇప్పుడు దాని ప్రాణమంతా ఒక్క శనివారం మీద ఉంది. సైమి వూరెలా మా ఊరి మనిషే. ఆడగొంతుల్లోకెల్లా ఎత్తైన గొంతు ఆమెది. సొప్రానో అంటారు. ప్రపంచంలో ఉన్న పెద్ద ఒపేరా మేడలన్నిట్లో పాడి, విరమించుకుని, ఎండాకాలం వచ్చి సరస్సు గట్టున ఉంటుంది. ఏటా ఒక్క రోజు కొత్తవాళ్లని ముగ్గుర్ని పిలిచి వింటుంది. నచ్చినవాళ్లని తనతో హెల్సింకి తీసుకుపోయి నేర్పిస్తుంది. రెండే షరతులు. ఇరవై ఎనిమిదేళ్లు నిండి ఉండకూడదు. ఆమె ఎరిగినవాళ్లెవరైనా ఒక మాట చెప్పాలి. మార్కెట్టాకి ఆగస్టులో ఇరవై ఎనిమిది నిండుతాయి. ఈ శనివారం తప్పితే ఇక జన్మంతా కజ్జికాయలే.

మూడు వారాల కిందట సులో బల్ల గుద్ది మరీ చెప్పాడు, "సైమి దగ్గర నా పేరు చెప్తే చాలు, కారు పంపిస్తుంది" అని. ఈవేళ గురువారం. మార్కెట్టా మా ముందు కాఫీ పెట్టి, నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"సులో బాబాయ్, సైమి గారికి ఫోన్ చేశారా?"

"నేను చెయ్యడమేంటమ్మా? సైమే నాకు చేస్తుంది, ప్రతి ఆదివారం, చర్చి అయ్యాక. కానీ ఇలాంటి మాట ఫోన్లో చెప్పేది కాదు. అసలు మా ఇద్దరి సంగతేంటో నీకు తెలియాలి ముందు. కూర్చో. కజ్జికాయలు మాడితే మాడనీ, కలెర్వో తింటాడు."

మార్కెట్టా కూర్చోలేదు గానీ పొయ్యి తగ్గించి వచ్చింది. సులో టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆ టోపీ మోకాలి మీదికి దిగిందంటే ఇక ఎవరికీ తెరిపి ఉండదు.

"యాభై ఆరు, జూన్ నెల. నాకు ఇరవై నాలుగు. వూరెలా వాళ్ల పాల అరుగు ఆ మలుపులో ఉండేది, మీకు గుర్తుందిగా, రోడ్డు పక్క చెక్కలతో కట్టింది, ఇంటివాళ్లు క్యాన్లు తెచ్చి పెట్టేవాళ్లు, నేను లారీలోకి ఎత్తుకునేవాణ్ణి. ఓ పొద్దున్న వెళ్లి ఒక క్యాను ఎత్తానో లేదో, అరుగు మీద పదహారేళ్ల పిల్ల, కాళ్లకి రబ్బరు బూట్లు, అడవిలో మేస్తున్న ఆవుల్ని పిలుస్తోంది. మామూలు పిలుపే. మన అమ్మలందరూ పిలిచిందే. కానీ నా చెయ్యి వణికింది. క్యాను కింద పెట్టేశాను. 'ఒరే సులో, ఇది ఆవుల కోసం పుట్టిన గొంతు కాదురా' అనుకున్నాను. తిన్నగా వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లి, 'వూరెలా గారూ, పిల్లని పట్నం పంపండి' అన్నాను. పంపించాడు. అదీ మొదలు."

ఇంతవరకు మేం నలభై ఏళ్లుగా వింటున్నదే. నిజం చెప్పొద్దూ, ఇంతవరకు మేం నమ్మేవాళ్లం కూడా.

"అంతేనా?" అంది మార్కెట్టా.

అక్కడే పిల్ల తప్పు చేసింది. సులోని 'అంతేనా' అని అడక్కూడదు.

"అంతేనా అంటావా! ఆ పిలుపుకి వాళ్ల ఎనిమిది ఆవులే వస్తే చెప్పుకోడానికేముంది? అవతలి గట్టు హెక్కిలా వాళ్ల ఆవులు పదిహేను సరస్సు ఈదుకుంటూ వచ్చేశాయి. ముందు ఎద్దు, వెనక ఆవులు, ఆ వెనక దూడలు, ఏదో చర్చికి వస్తున్నట్టు వరసలో. హెక్కిలా ముసలాయన పడవేసుకుని వెంటపడ్డాడు. సగం దూరం వచ్చి ఆయనా తెడ్డు వదిలేసి నోరు తెరుచుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను డెయిరీకి పోయి క్యాను మూత తీస్తే పాలెక్కడివి? వెన్న! ఆ గొంతు అదురుకి లోపల పాలు చిలికేసి వెన్నయి కూర్చుంది. నలభై లీటర్ల క్యాను, గరిట దిగితే ఒట్టు. మేనేజరు తెల్లకోటు వేసుకుని ఉన్నాడు చూడు, ఆ కోటు కంటే మొహం తెల్లబడింది."

"ఉప్పు కూడా వేసే ఉందా?" అన్నాడు కలెర్వో. పొద్దున్నుంచి ఆయన మాట్లాడింది అదే.

"ఉప్పు మేమే వేశాం" అన్నాడు సులో, కనురెప్ప కూడా ఆడించకుండా. "నువ్వు నమ్మకపోతే పోయి ఆ మేనేజర్ని అడుగు."

"ఆయన పోయి పద్దెనిమిదేళ్లయింది కదరా."

"అదే నేనూ అంటున్నా. ఆ దిగులుతోనే పోయాడు. సరే, హెల్సింకిలో పరీక్ష. పెద్దపెద్దవాళ్లు అయిదుగురు కుర్చీల్లో కూర్చున్నారు. కింద తివాచీ. సైమి నోరు తెరిచింది. గాలి తప్ప ఏం రాలా! మళ్లీ తెరిచింది. మళ్లీ గాలే. పిల్లకి ముచ్చెమటలు. ఎందుకో తెలుసా? కాళ్ల కింద పాల అరుగు లేదు! ఆ చెక్కల మీద నిలబడితే తప్ప గొంతు రాదు దానికి. నాకు టెలిగ్రాం. 'సులో, చెక్కలు తీసుకురా.' మూడే ముక్కలు. నేనేం చేశాను? మేకులు పీకి అరుగు మొత్తం లారీ కెక్కించి, దారిలో ఒక్క క్యాను కూడా ఎత్తకుండా రాజధానికి తోలేశాను. ఆ రోజు ఊరు ఊరంతా నల్ల కాఫీ తాగింది. అర్మాస్, గుర్తులేదూ?"

"లేదు" అన్నాను.

"దిమ్మతిరిగి మర్చిపోయి ఉంటావు. చాలామంది మర్చిపోయారు. నేను అక్కడ తివాచీ చుట్టేసి అరుగు బిగించాను. సైమి ఎక్కి నిలబడి ఒక్క కూత పెట్టింది. ఆ అయిదుగురిలో నలుగురు లేచి నిలబడ్డారు."

"అయిదో ఆయన?"

"ఆయన కుర్చీతో సహా లేచాడు."

మార్కెట్టా నవ్వలేదు. దాని కళ్లు సులో మొహం మీద నుంచి కదల్లేదు.  ఈయన కోతలు కోసుకుంటూ పోతుంటే పిల్ల శనివారం కరిగిపోతోంది కదా అనిపించింది నాకు.

"మరి నా సంగతి చెప్తారా, బాబాయ్?"

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. ఆ రోజు నుంచి అరుగు ఎక్కడికెళ్తే నేనక్కడికి. వియన్నాలో నేనే బిగించాను. మిలానోలో నేనే. మిలానోలో పాట అయిపోయింది, జనం చప్పట్లు మొదలెట్టారు. అయిదు నిమిషాలు చూశాను, పది చూశాను. వీళ్లు ఆపేలా లేరని బయటికెళ్లి, కట్టెలు కొట్టుకుని, ఆవిరి గది వేడి చేసుకుని, మూడు విడతలు కూర్చుని, చన్నీళ్లు పోసుకుని, సాసేజీ కాల్చుకుని తిని, తల దువ్వుకుని వచ్చాను. ఇంకా కొడుతున్నారు! ముందు వరసలో ఒక దొరసానికి చేతులు నొప్పెడితే వాళ్ల పనిమనిషి చేతులు అరువు తీసుకుని కొడుతోంది."

"మిలానోలో కట్టెలెక్కడివిరా?" అన్నాను, ఉండబట్టలేక.

"మాతో తీసుకెళ్లాం. ఇంటి కట్టెలు లేకుండా మనవాడు బయల్దేరతాడా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మన తూర్పున ఉన్న ఆ పెద్ద దేశం ముక్కలైంది గనక చెప్తున్నా. సముద్రం ఒడ్డున ఆరుబయట పాట. సైమి ఆ రోజు మంచి ఊపు మీద ఉంది. పై స్వరం పట్టింది, వదల్లేదు. ఒక నిమిషం. రెండు. మూడు. అవతల నీళ్లలోంచి నల్లగా ఏదో లేచింది. తిమింగలం అనుకున్నాను. కాదు, జలాంతర్గామి! తూర్పువాళ్లది. దాని పక్కనే ఇంకోటి లేచింది. పడమటివాళ్లది! ఏళ్ల తరబడి ఒకరికి ఒకరు కనపడకుండా అడుగున దాక్కున్నవాళ్లు, టోపీలు తీసి చేత్తో పట్టుకుని పైన నిలబడి వింటున్నారు. రెండు రాజధానుల్లోనూ ఇదేదో యుద్ధం కూత అనుకుని హడలిపోయారు. నాకు ఫోను. రెండు చెవులకీ రెండు ఫోన్లు. 'సులో గారూ, దయచేసి ఆమెని అర మెట్టు దిగమనండి, లేకపోతే మేం మీటలు నొక్కాల్సొస్తుంది.'"

"వాళ్లకి ఫిన్నిష్ వచ్చా?" అన్నాడు కలెర్వో.

"భయం వేస్తే అన్నీ వస్తాయి. నేనేం చేశాను? జేబులోంచి చప్పరించే ఉప్పు నల్లబిళ్ల ఒకటి తీసి సైమి నోట్లోకి విసిరాను. స్వరం దిగింది. లోకం బతికింది. పొద్దున్న మళ్లీ నేను మామూలుగా పాలకి వెళ్లాను."

కలెర్వో కాఫీ కప్పు కింద పెట్టాడు. "అమ్మ సులో!" అన్నాడు. అది తిట్టో మెప్పో నాకు తెలీలేదు. పక్క బల్ల దగ్గర తింటున్న లారీ డ్రైవరు నమలడం ఆపేసి మరీ వింటున్నాడు. సులోకి కొత్త శ్రోత దొరికితే ఇంకేముంది, కొత్త చిగురు చూసిన మేకే.

"ఇదంతా ఒక ఎత్తు, ఆమె చావు ఒక ఎత్తు."

"చావా?" లారీ డ్రైవరు నిజంగానే ఉలిక్కిపడ్డాడు.

"ఒపేరాలో ఆఖరి అంకంలో ఆ పిల్ల చావాలి. ఎప్పుడూ చస్తుంది, లేచొచ్చి దణ్ణం పెడుతుంది, పువ్వులు తీసుకుంటుంది. ఆ రోజు ఎంత బాగా చచ్చిందంటే, ముందు వరసలో ఉన్న డాక్టరు పైకి దూకి, నాడి చూసి, కన్నీళ్లు తుడుచుకుంటూ అక్కడికక్కడే కాగితం రాసేశాడు. పక్కనున్న పాస్టరు ప్రార్థన చదివేశాడు. కాగితం పోస్టులో మన ఊరి చర్చి ఆఫీసుకొచ్చింది. చావుపుట్టుకల రిజిస్టర్లో సైమి పేరు మీద అడ్డగీత! మూడేళ్లు, మూడేళ్లు ఆవిడ చచ్చిపోయి పాడింది. పాస్‌పోర్టు ఇవ్వరు, చచ్చినవాళ్లకి పాస్‌పోర్టు ఎక్కడిస్తారు? చివరికి నేనే ఆఫీసుకి వెళ్లాను. 'బతికే ఉందండీ' అన్నాను. 'ఇద్దరు సాక్షులు కావాలి' అన్నాడు గుమాస్తా. బయటికెళ్లి, టోపీ తీసేసి మళ్లీ వచ్చాను. 'ఇదిగో రెండో సాక్షి' అన్నాను."

"అమ్మో, అమ్మో!" అన్నాడు లారీ డ్రైవరు.

"సులో బాబాయ్" అంది మార్కెట్టా మెల్లగా, "శనివారానికి ఇంకా రెండు రోజులే ఉంది."

"రెండు రోజులంటే ఎంతమ్మా? సైమి దగ్గర నాకు రెండు నిమిషాలు చాలు. అసలు ఆమె సూర్యుణ్ణే ఆపింది నా మాట మీద! అది చెప్పనే లేదు కదూ? అరవై ఒకటి, జూన్. పాట సగంలో ఉంది, ఎండ వాలుతోంది. జనం ఇళ్లకి బయల్దేరబోతున్నారు. నేను కింద నుంచి, 'సైమీ, ఇంకొకటి అందుకో' అని సైగ చేశాను. అందుకుంది. సూర్యుడు చెట్ల కొసల దాకా దిగినవాడు దిగినట్టే ఆగిపోయాడు. వింటున్నాడు! పాట అయిపోయింది. అయినా కదలడే. అలవాటైపోయింది ఆయనకి. అప్పటినుంచే మనకి జూన్‌లో రాత్రయినా చీకటి పడదు. అంతకు ముందు మనకీ అందరిలాగే చీకటి పడేది."

"నేను పుట్టింది ముప్పై ఒకటిలో" అన్నాడు కలెర్వో. "అప్పుడూ పడేది కాదు."

"నువ్వు చిన్నవాడివి, నీకేం తెలుసు?"

బల్ల దగ్గర అందరం ఘొల్లుమన్నాం. లారీ డ్రైవరు చొక్కా మీద కాఫీ పోసుకున్నాడు. మార్కెట్టా ఒక్కతే నవ్వలేదు. ఏప్రాన్ జేబులోంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ రోజు మీరు 'నా పేరు చెప్తే చాలు' అన్నారు. చెప్పాను బాబాయ్. ఆ వారమే సైమి గారికి ఉత్తరం రాశాను. నా గురించి మీకు చెప్పేవాళ్లు ఇంకెవరూ లేరు, మిమ్మల్ని పట్నం పంపించింది తానేనని చెప్పే సులో కెట్టునెన్ గారు నాకు మాట సాయం చేస్తున్నారు అని రాశాను. నిన్న జవాబొచ్చింది."

 ఇంతసేపూ సులో మోకాలి మీద బుద్ధిగా కూర్చున్న టోపీ కింద పడింది. తీసుకోలేదు.

"మరి ఇందాక ఫోన్ చేశారా అని అడిగావేంటమ్మా?" అన్నాడు. ఆ గొంతు సులోది కాదు.

"మీరే చెప్తారేమోనని చూశాను. మావయ్యా, మీరు చదవండి. నా వల్ల కాదు."

నేను కళ్లజోడు పెట్టుకున్నాను. నీలం సిరా, నిటారు అక్షరాలు. చదివాను.

'మార్కెట్టాకి. నీ ఉత్తరం అందింది. నా పాటల జీవితానికి కారణం తానేనని సులో కెట్టునెన్ అనే పాల లారీ డ్రైవరు చెప్తున్నాడని రాశావు. ఆయన చెప్పేది నిజం.'

ఆగిపోయాను. కలెర్వో నా వైపు చూశాడు. నేను సులో వైపు చూశాను. అందరికంటే ఎక్కువ నిర్ఘాంతపోయింది సులోనే.

"నిజమా?" అన్నాడు.

'యాభై ఆరు జూన్‌లో రోజూ పొద్దున్నే పాల అరుగు మీద నిలబడి పాడేదాన్ని. ఒక శుక్రవారం తిరిగొచ్చిన ఖాళీ క్యాను మూతకి చీటీ కట్టి ఉంది. ఇది అందులో ఉన్నది ఉన్నట్టు: వూరెలా గారికి. మీ అమ్మాయి గావుకేకలకి నా తల పగిలిపోతోంది. చెవులు మూసుకుంటే క్యాన్లు ఎత్తలేను, క్యాన్లు ఎత్తితే చెవులు మూసుకోలేను. మొన్న అన్నీ వదిలేసి అడవిలోకి పరిగెత్తాల్సొచ్చింది. ఆ పిల్ల నోరైనా మూయించండి, లేదంటే సోమవారం నుంచి మీ పాలు మీరే తాగండి. ఎస్. కెట్టునెన్.

మాకు ఎనిమిది ఆవులు, మేం ఏడుగురు పిల్లలం. ఒక పిల్ల తగ్గితే ఇల్లు గడుస్తుంది, పాల లారీ ఆగితే గడవదు.  సోమవారం నాన్న నన్ను తాంపెరె పట్నంలో అత్తయ్య దగ్గరికి బస్సెక్కించాడు. దారంతా ఏడ్చాను. అత్తయ్య ఒక నాటకశాలలో నేల తుడిచేది. ఆవిడ తుడుస్తుంటే నేను ఖాళీ కుర్చీల ముందు నిలబడి అరిచేదాన్ని. అక్కడ అడిగేవాళ్లు లేరు. ఒక రోజు ఒకాయన తలుపు సందులోంచి విన్నాడు. అక్కడినుంచి మిగతా అంతా. ఆ చీటీ లేకపోతే నేను ఇప్పటికీ వూరెలా ఇంట్లో పాలు పితుకుతూ ఉండేదాన్ని.'

  నలభై ఏళ్లు! నలభై ఏళ్లు మేం ఈ మనిషి పక్కన కూర్చుని కాఫీ తాగాం. వెన్నా, జలాంతర్గాములూ ఎలాగూ నమ్మలేదు. ఆ మొదటి ముక్క, అరుగు దగ్గర చెయ్యి వణికిన ముక్క, అదొక్కటి నమ్మాం. అదే అన్నిటికంటే పెద్ద అబద్ధం.

"చీటీ నువ్వే రాశావురా?" అన్నాడు కలెర్వో.

సులో తల ఊపాడు. "ముందు రోజు డాన్సులకి పోయి తాగాను. తల పగిలిపోతోంది. ఏదో కోపంలో రాశాను. పిల్ల సోమవారం నుంచి కనపడలేదు. హమ్మయ్య అనుకున్నాను కూడా, దేవుడి మీద ఒట్టు. ఆరేళ్లకి లారీలో రేడియో పెట్టించాను. ఒక రోజు పాట వస్తోంది. రోడ్డు పక్కన ఆపేశాను. అంత పాట నేను పుట్టాక వినలేదు. అయిపోయాక పేరు చెప్పారు. ఎండలో ఆ రోజు పాలన్నీ విరిగిపోయాయి, నేను కదల్లేకపోయాను. ఈ గొంతునా నేను మూయించమన్నది? ఎవరికి చెప్పుకోను? డెయిరీకి ఎందుకు ఆలస్యం అని అడిగితే, 'ఆ పిల్లని పట్నం పంపమన్నది నేనే' అన్నాను. అదే మొదటిది. ఆ తర్వాత ఆపడం చేతకాలేదు."

ఆయన మార్కెట్టా వైపు చూడలేకపోయాడు. "నీ శనివారం నేనే చెడగొట్టాను కదమ్మా" అన్నాడు.

"ఇంకా ఉంది" అంది మార్కెట్టా. "మావయ్యా, చివరిదాకా చదవండి."

'తర్వాత ఎన్నో దేశాల పత్రికలు నా గురించి రాశాయి. అందరూ మెచ్చుకున్నారు. నా గొంతు తట్టుకోలేక పని వదిలేసి అడవిలోకి పరిగెత్తినవాడు ఆయనొక్కడే. కాబట్టి నీ విషయంలో ఆయన చెవులే నాకు ప్రమాణం. ఆయన ముందు పాడు. కాఫీ తాగుతూ చివరిదాకా కూర్చుంటే నువ్వు చక్కగా పాడతావన్నమాట. చక్కగా పాడేవాళ్లు దేశంలో చాలామంది ఉన్నారు, వాళ్లని నేనేం చేసుకోను? తట్టుకోలేక లేచి పారిపోతే మాత్రం శనివారం పదింటికల్లా వచ్చెయ్. సైమి వూరెలా.'

మార్కెట్టా ఏప్రాన్ విప్పి కుర్చీ మీద వేసింది. పొయ్యి ఆర్పేసింది. "బాబాయ్, మీరు కూర్చోండి. నేను పాడతాను. మీకేమనిపిస్తే అది చెయ్యండి. నాకోసం ఏం చెయ్యొద్దు."

కౌంటరు ముందు నిలబడి, చేతులు కిందికి వదిలి, కళ్లు మూసుకుంది. ఎండాకాలం మొదట్లో చర్చిలో పాడే కీర్తన అందుకుంది. చర్చిలో పదిమంది మధ్య పాడేటప్పుడు అది గొంతు దాచుకునేదని నాకు ఆ క్షణం దాకా తెలీదు. ఈవేళ దాచుకోలేదు.  కప్పులు సాసర్లలో గలగలమన్నాయి, ఇది సులో కోత కాదు, నేను చూశాను. లారీ డ్రైవరు చేతిలో ఫోర్కు అలాగే గాల్లో ఉండిపోయింది.

నేను సులోని చూస్తున్నాను. లేవరా, లేవరా నాయనా! లేవలేదు. కుర్చీ అంచుకి జరిగి కూర్చున్నాడు. రెండు చేతులా కప్పు పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, కళ్లల్లోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా వింటున్నాడు.  చివరిదాకా వినేస్తాడు ఈ దౌర్భాగ్యుడు! ఒక చరణం అయింది. రెండోది మొదలైంది. మార్కెట్టా పైకి, ఇంకా పైకి వెళ్లింది.

అప్పుడు సులో కప్పు కింద పెట్టాడు. ఒక్కసారి ఆ పిల్ల మొహంలోకి చూశాడు. కుర్చీ వెనక్కి పడేలా లేచి, రెండు చేతులతో చెవులు మూసుకుని, "అమ్మో, నా వల్ల కాదు! చచ్చిపోతాను!" అని అరుస్తూ తలుపు గుద్దుకుని బయటికి పరిగెత్తాడు. అరవై ఆరేళ్ల మనిషి అలా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. మార్కెట్టా కళ్లు తెరవలేదు, పాట ఆపలేదు.

కిటికీలోంచి చూశాను. పెట్రోలు పంపు దాటాక ఆగాడు. చేతులు చెవుల మీద నుంచి జారాయి. అక్కడే, టోపీ లేని తలతో చలిగాలిలో, గోడకి చెవి పెట్టినవాడిలా ఇటు వంగి నిలబడిపోయాడు. పాట ఆఖరి అక్షరం దాకా కదల్లేదు.

పాట అయిపోయింది. మార్కెట్టా కళ్లు తెరిచింది.

"బాబాయ్ ఏడీ?"

"పారిపోయాడు" అన్నాడు కలెర్వో.

మార్కెట్టా కౌంటరు పట్టుకుంది. కుర్చీలో కూలబడింది. తలుపు తెరుచుకుంది. సులో లోపలికొచ్చాడు, మళ్లీ చెవుల మీద చేతులు పెట్టుకుని, కళ్లు ఎర్రగా.

"అయిపోయిందా?" అన్నాడు.

"నిజంగా తట్టుకోలేకపోయారా, బాబాయ్?"

మేమందరం ఆయన నోటివైపే చూస్తున్నాం. ఇక అడవుల్లో పిట్టలు రాలిపోతాయి, సరస్సులు పొంగుతాయి, ఇంకేమేం అవుతాయో అని.

"నిజం" అన్నాడు సులో. దాని మీద ఇంకొక్క మాట కూడా కలపలేదు.